అష్టమి నాటి బొమ్మ

ఆయన పోయాడన్న కబురు నాకు పది రోజులు ఆలస్యంగా అందింది, అదీ ఎండు చేపల తట్టతో పాటు. మా ఆఫీసు వెనక సందులోకి వారానికోసారి వచ్చే చేపలామె ఆయనకి తమ్ముడి కోడలు. తట్ట దించుకుని, చెంగుతో మెడ తుడుచుకుని, ఈసారి నెత్తళ్ళు బాగా ఎండాయని చెప్పి, ఆ తర్వాత తీరిగ్గా అంది.

"మా మావ పోనాడమ్మా. జొరమొచ్చినాది. నాలుగు దినాలు, అంతే."

ఆ వెంటనే ఆమె నన్నో మాట అడిగింది. దానికి జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆలోపు నా కళ్ళ ముందు తిరిగినదంతా ఇక్కడ రాస్తున్నాను. ఆయన పేరు రాయను. రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే మళ్ళీ మాటలు పుడతాయి. మా ఆఫీసులో అందరం ఆయన్ని మావ అనే పిలిచేవాళ్ళం. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గర పుట్టిన నాకు, వరస తెలియని పెద్దవాళ్ళందరూ మావలే.

నేను చేసే పని ఏమిటో మా ఇంట్లోవాళ్ళకే సరిగా తెలీదు. ఉపగ్రహాలు పైనుంచి తీసిన బొమ్మల్ని తెప్పించి, ఒకే చోటువి ఏళ్ళ వరసన పేర్చి, కంప్యూటర్లో ఒకదాని వెనక ఒకటి నడిపిస్తాను. రోడ్డు రోడ్డు మీద, చెరువు గట్టు చెరువు గట్టు మీద సరిగ్గా పడాలి. కొంచెం పక్కకి జరిగినా నడిపించినప్పుడు నేలంతా వణుకుతుంది. అన్నీ కుదిరితే కదలని నేల కదలకుండా ఉండి, కదిలేది మాత్రమే కదులుతుంది. నది మెలిక తిరుగుతుంది, ఊరు రోడ్డు వెంట పాకుతుంది, సముద్రం లోపలికి వస్తుంది. భోగాపురం దగ్గర విమానాశ్రయం కోసం ఎర్రనేల పరుచుకోవడం కూడా నేనే నడిపించి చూపించాను. పదిహేడేళ్ళుగా ఇదే పని, కాంట్రాక్టు మీద. నడిపించి చూపించడమే నా వంతు. చూసినవాళ్ళు ఏం చేస్తారన్నది నా వంతు కాదని మొదట్లోనే చెప్పారు, నేనూ హాయిగా నమ్మేశాను.

మావ మా గదిలోకి పొరపాటున వచ్చాడు. పక్క గదిలో పడవ కాగితం ఏదో అడగడానికి వచ్చి, మా తలుపు తెరిచి ఉంటే తెర మీద బొమ్మ చూసి ఆగిపోయాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఏసీ చలికి భుజం మీది తుండు విప్పి కప్పుకుని, నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో నాకు తెలీదు.

"ఇది మా మొగ కాదేటి?" అన్నాడు.

ఏరు సముద్రంలో కలిసే చోటుని వాళ్ళు మొగ అంటారు. భావనపాడుకి ఇవతల ఆయన పేట ఉంది. నేను మ్యాపులో పేరు చూసుకుని అవునన్నాను. ఆయన మ్యాపు చూడలేదు. మొగ దగ్గర ఇసక తిన్నె వంపు చూసి చెప్పాడు. మనం దూరంనుంచి వచ్చేవాణ్ణి నడకబట్టి పోల్చుకుంటాం చూడండి, అలాగన్నమాట.

అప్పటినుంచి నెలకోసారి వచ్చేవాడు. కంటి ఆసుపత్రికి వచ్చిన రోజున, అక్కడ పని అయ్యాక, బస్సుకి ముందు. ఉపగ్రహం అన్న మాట ఆయన నోటికి పట్టలేదు. "మీదోడు" అనేవాడు. మీదోడు ఈ నెల ఒచ్చినాడా, మీదోడికి మబ్బు అడ్డమొచ్చినాదా అని అడిగేవాడు. మీదోడికి కళ్ళున్నాయిగాని కాళ్ళు లేవు, దిగి చూడలేడు పాపం అని నవ్వేవాడు. నవ్వితే పై వరసలో రెండు పళ్ళు లేని సందు కనిపించేది. కుర్చీలో నిండుగా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు. పడవ అంచున కూర్చున్నట్టు అంచునే కూర్చునేవాడు, ఎప్పుడైనా దూకాల్సి వస్తుందన్నట్టు.

తెరని ఎడమ కన్ను మూసి చూసేవాడు. బొటనవేలు తెరకి ఆనించి కొలిచేవాడు. ఆయన వెళ్ళాక తెర మీద ఉప్పో నూనో తెలియని వేలిముద్రలు మిగిలేవి. నేను విసుక్కుంటూ తుడుచుకునేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే ఆ విసుగు తలుచుకోవడానికి బాగాలేదు, కానీ విసుక్కున్న మాట నిజం.

ఆయనకి నా బొమ్మల్లో నచ్చనివి రెండు. ఒకటి రంగు. పచ్చదనం తేలిగ్గా తెలియడానికి మేము చెట్లన్నీ ఎర్రగా కనిపించే రంగుల్లో బొమ్మ తయారు చేస్తాం. మా సరుగుడు తోట తగలబడిపోతన్నట్టు ఉన్నాదని ఆయన బాధపడ్డాడు. ఎంత చెప్పినా సమాధానపడలేదు. చివరికి ఆయన కోసం ఆకుపచ్చగానే కనిపించేలా ఒక వరస విడిగా చేసి పెట్టాను. రెండోది వేగం. సెకనుకి మూడు బొమ్మలు పెట్టి నడిపిస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు. మెల్లగా నడపమనేవాడు, సముద్రం అంత తొందరగా రాదు అనేవాడు. మీటింగుల్లో పెద్దవాళ్ళేమో ఇంకా ఫాస్టుగా, ఇంకా ఫాస్టుగా అంటారు. సముద్రం ఒడ్డుని కోసుకుపోయిన ఇరవై ఏళ్ళ కోతని అర నిమిషంలో చూసి టీ తాగడానికి లేస్తారు.

మెల్లగా నడిపితే మాత్రం ఆయన చదివేవాడు. నేను నాచు అనుకున్నది నాచు కాదు, వానలకి వంశధార కక్కిన బురద అనేవాడు. తెల్లటి గీత కెరటం కాదు, లోపల తిన్నె ఉంది, దాని మీద నీరు విరుగుతోంది అనేవాడు. నేను పుస్తకాల్లో చదువుకున్నదానికంటే ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నది ఎక్కువ. నాకు ఆయనంటే ఇష్టం. ఆ ఇష్టమే కొంప ముంచింది.

ఒక ఏడాది వానలకి ముందు, కోతకి బాగా దగ్గరపడ్డ పేటల్ని లోపలికి మార్చడానికి జాబితా తయారు చేయమన్నారు. అన్నిటినీ ఒకేసారి మార్చలేరు కాబట్టి, ఎక్కువ ఒడ్డు పోయినవి ముందు, తక్కువ పోయినవి తర్వాత. మావ వాళ్ళ పేటకి రోడ్డుకి అవతల, సరుగుడు తోట వెనక మెరక నేల చూపించారు. పడవల దగ్గరికి నడిచి వెళ్ళగలిగేంత దూరమే. పేటంతా ఒప్పుకుంది. ఈ వానల్లోపే వెళ్ళిపోవాలని వాళ్ళ ఆశ. ముందటి ఏడు వాయుగుండానికి ముందు వరస ఇళ్ళ అరుగుల దాకా నీళ్ళు వచ్చాయి. జాబితాలో మొదట్లో ఉంటారా లేదా అన్నది నా బొమ్మల మీద ఆధారపడింది.

మబ్బు లేనివి, స్పష్టంగా ఉన్నవి ఏరి వరస పేర్చాను. నడిపించాను. చివరి నాలుగు బొమ్మల్లో సముద్రం ఒక్క ఉరుకున ఒడ్డంతా మింగేసి ఇళ్ళ ముందుకి వచ్చి నిలబడింది. పేట జాబితాలో మొదటికి ఎక్కడం ఖాయం. మావ వచ్చినప్పుడు గర్వంగా చూపించాను.

ఎడమ కన్ను మూసి చూశాడు. మళ్ళీ నడపమన్నాడు. మెల్లగా ఇంకోసారి నడపమన్నాడు. టీ ఇస్తే తాగాడు.

ఎలా ఉందని అడిగాను. బాగున్నాదమ్మా అన్నాడు. బాగుండటం వేరు, సరిగ్గా ఉందా అని మళ్ళీ అడిగాను. బస్సుకి ఏళైపోతోందని లేచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు. ఎప్పుడూ బొమ్మని వదలబుద్ధి కానివాడు అంత తొందరగా లేవడం నాకు నచ్చలేదు. వెనకాలే మెట్ల దాకా వెళ్ళి, ఆయనకి అడ్డం నిలబడి మూడోసారి అడిగాను. తప్పుంటే చెప్పమన్నాను, నలుగురిలో ఎవరైనా పట్టుకుంటే నాకు నామోషీ అన్నాను. అవును, ఆ మాటే అన్నాను. పేట గురించి కాదు నా బెంగ.

ఆయన మెట్ల మీద ఆగాడు. తుండు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకి మార్చుకున్నాడు. చివరికి ఆ కడపటి నాలుగు బొమ్మల తారీకులు కాగితం మీద రాసిమ్మన్నాడు, పాతవాటివి కూడా.

మర్నాడు ఉదయమే మొదటి బస్సుకి వచ్చాడు. చంకలో సంచి. సంచిలో పాత గోడ కేలండర్లు, గుండ్రంగా చుట్టి తాళ్ళతో కట్టినవి. ఏ ఏడుది ఆ ఏడు పారేయకుండా దాచుకునేవాడట. తారీకు కింద తిథి ఉంటుంది కదా, దాన్నిబట్టే వాళ్ళు సముద్రం ఆటుపోట్ల లెక్క చూసుకుంటారు. వలకి మంచి చేప పడ్డ రోజుల చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. గది అంతా ఎండు చేపల వాసన కొట్టింది. నేల మీద పరిచి, నేను రాసిచ్చిన తారీకుల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టాడు. చివరి నాలుగింట్లో రెండు పున్నమి, ఒకటి అమావాస్య, ఒకటి అమావాస్య వెళ్ళిన మర్నాడు. పాతవన్నీ అష్టమి, నవమి, మళ్ళీ అష్టమి.

మీదోడు ఏ ఏళకి వస్తాడని అడిగాడు. ఏ రోజు వచ్చినా పొద్దున్న పదిన్నర ప్రాంతానికే అన్నాను.

"అదీ సంగతి. పున్నమికీ అమాసకీ ఆ ఏళకి సముద్రం నిండుగా ఉంటాది. అష్టమికి అదే ఏళకి నీరు ఎనక్కి లాగీసి ఉంటాది. కోత ఉన్నాది, లేదనను. గాని నువ్వు పోటుని కూడా కోతలో కట్టీసినావమ్మా."

చదువుకున్నదాన్ని, ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు. మబ్బు ఉందా లేదా చూశాను గాని చంద్రుడు ఎక్కడున్నాడో చూడలేదు. ఆ రోజంతా కూర్చుని అష్టమికి దగ్గరి బొమ్మలే వెతికి, వరస మళ్ళీ పేర్చాను. నడిపిస్తే సముద్రం వస్తూనే ఉంది, కానీ మొదటి వరసలో వచ్చినదాంట్లో సగం కూడా రాలేదు. మావ పక్కనే కూర్చుని రెండుసార్లు చూశాడు. కేలండర్లు చుట్టి, తాళ్ళు కట్టి, సంచిలో పెట్టుకున్నాడు. ఇప్పుడు సరిగ్గా ఉన్నాదని చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు నవ్వలేదు. నేను కొత్త వరస చూసుకునే సంబరంలో అది పట్టించుకోలేదు.

మీటింగులో నాకు మెప్పు వచ్చింది. అన్ని బొమ్మలూ ఒకే రకం పోటులో తీసుకున్నానని చెబితే, ఇంత జాగ్రత్తగా చేసినవాళ్ళని చూడలేదని పెద్దాఫీసరు అన్నారు. పదిహేడేళ్ళలో నాకు దొరికిన మెప్పు అదొక్కటే. ఆ పొంగులో నేను నోరు జారాను. ఈ ఘనత నాది కాదండీ, ఆ పేట పెద్దాయన ఒకాయన స్వయంగా ఆఫీసుకి వచ్చి, కేలండర్లు తెచ్చి మరీ చెప్పారు అన్నాను. ఆయనకి గౌరవం చేస్తున్నాననుకున్నాను. వెనక వరసలో ఆ పేటనుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు కూర్చుని ఉన్నారు. నేను వాళ్ళ వైపు చూసి నవ్వాను కూడా. వాళ్ళు నవ్వలేదు. పేట రెండో విడతకి వెళ్ళింది. రెండో విడత అంటే వానలు వెళ్ళాక.

ఆ తర్వాత మావ రావడం తగ్గింది. వచ్చినా బొమ్మ ఒకటి రెండుసార్లు చూసి ఊరుకునేవాడు. ఒకసారి అరచేతులు రెండూ చాపి నాకు చూపించాడు. మెత్తబడిపోయాయి చూడమన్నాడు. పెదవలకి పిలవడం లేదన్నాడు. పెదవల అంటే ఊరంతా రెండు పక్కలా తాడు పట్టి ఒడ్డుకి లాగే వల. ముసలివాళ్ళయినా తాడు మీద ఒక చెయ్యి వేస్తారు, వేయనివాణ్ణి ఊరు లెక్కలోకి తీసుకోదు. నేను వయసు మీదపడింది కదా, పిలవకపోతే విశ్రాంతే అనుకున్నాను. అలాగే అన్నాను కూడా. ఆయన చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ వానల్లో వాయుగుండం రెండు రోజులు తీరం మీదే నిలబడింది. ముందు వరస ఇళ్ళు పోయాయి. ముందే అందర్నీ బడికి తరలించారు కాబట్టి మనుషులకేం కాలేదు. మావ ఇల్లు ముందు వరసలోదే. వారాల తరబడి మబ్బు, మా బొమ్మల్లో తెల్లటి ముద్ద తప్ప ఏమీ కనపడలేదు. మబ్బు విడిన మొదటి బొమ్మ వచ్చిన రెండు రోజులకి ఆయన వచ్చాడు. చేతిలో సంచి లేదు. కేలండర్లు ఇంటితో పాటు వెళ్ళిపోయాయని నేను అడక్కుండానే తెలిసింది.

ఎక్కడుంటున్నావు మావా అని అడిగితే, తమ్ముడి ఇంటి అరుగు మీద అన్నాడు. బొమ్మ తెరిచాను. ఆయన ఇల్లు ఉన్నచోట నీళ్ళు మెరుస్తున్నాయి. ఎడమ కన్ను మూసుకోలేదు, రెండు కళ్ళతోనే చూశాడు. ఏ తిథి అని అడిగాడు. ఫోనులో పంచాంగం తెరిచి చూశాను. నాకు చెప్పబుద్ధి కాలేదు.

"అష్టమి మావా."

"మరైతే ఇది పోటు కాదు," అన్నాడు. "కడాకి పెట్టు దీన్ని. ఇప్పుడెవుడూ ఏటీ అనలేడు."

వరస చివర ఆ బొమ్మ చేర్చాను. ఆ రోజు నేను అలా వెంటపడి అడక్కుండా ఉండాల్సింది మావా అన్నాను. ఆయన నావైపు చూడలేదు. తుండుతో తెర మీద తన వేలిముద్ర తనే తుడిచాడు. అలా తుడవడం అదే మొదలు.

"అడిగినావు. అడిగితే సెప్పాల కదమ్మా," అన్నాడు.

అందులో కోపం లేదు, ఓదార్పూ లేదు. బస్సుకి ఏళైపోయిందని లేచాడు. నేను మెట్ల దాకా వెళ్ళాను. ఈసారి ఏమీ అడగలేదు. అదే ఆఖరుసారి చూడటం.

పేటని మార్చే కాగితం ఆ తర్వాత కదిలింది. ఇప్పుడు రోడ్డుకి అవతల మెరక మీద కొత్త ఇళ్ళకి రేకులు వేస్తున్నారట. రేకులు వేసేలోగా ఆయనకి జొరం వచ్చింది. ఇదీ చేపలామె చెప్పిన సంగతి.

ఇక ఆమె అడిగిన మాట. నెత్తళ్ళు కాగితంలో పోస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "మావ తనంతట తానే మీకాడికొచ్చి సెప్పీసినాడంట కదమ్మా, ఊరి మీదకొచ్చింది పోటే గాని కోత కాదని. మీటింగులో నువ్వే సెప్పినావంట, మావోళ్ళు ఇన్నారు. ఎందుకు సేసినాడో ఎంతడిగినా నోరిప్పలేదు. నిజంగా తనంతట తానే ఒచ్చినాడా?"

అప్పటిదాకా ఆయన ఊళ్ళో ఏం చెప్పాడో నాకు తెలీదు. ఏమీ చెప్పలేదన్నమాట. ఆఫీసమ్మ వెంటపడి అడిగింది అని ఒక్క ముక్క చెప్పి ఉంటే సగం మాటలు నా మీదకి తిరిగేవి. చెప్పలేదు. అరుగు మీద ఒక్కడూ పడుకున్నాడు.

ఊరుకుందామనుకున్నాను. పోయినవాడు పోయాడు, ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం అనుకున్నాను. ఆమె తల ఎత్తి నావైపు చూస్తూనే ఉంది.

"లేదమ్మా," అన్నాను. "ఆయన చెప్పదలుచుకోలేదు. బాగుంది అని వెళ్ళిపోబోయాడు. నేనే మూడుసార్లు అడిగాను. మెట్ల మీద అడ్డం నిలబడి అడిగాను. స్వయంగా వచ్చాడని నేను మీటింగులో చెప్పింది తప్పు. నేను అడక్కపోతే ఆయన వచ్చేవాడే కాదు."

ఆమె కాగితం పొట్లం కట్టడం ఆపేసింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుణ్ణు అనిపించింది. పొట్లం నా చేతిలో పెట్టి, తల మీద చుట్టకుదురు సర్దుకుంది.

"ఈ మాట అప్పుడే సెప్పుంటే, ఆయన్ని పెదవలకి పిలుద్దుం కదమ్మా," అంది.

తట్ట ఎత్తమంది. ఎత్తాను.